డెబ్బై ఒక్క శాతం

నేను ఒక బ్యాటరీని. గోడ గడియారంలో వేసే వేలెడు బ్యాటరీని కాదు. ఎలక్ట్రిక్ కారు కడుపు కింద, ఇనప పెట్టెలో, నులకమంచమంత పొడవున పడుకునే రకాన్ని. ఒకప్పుడు నా బరువు రెండు వందల అరవై కిలోలు. ఇప్పుడు అంత లేను. కొంత తీసి పాతసామాన్ల కింద పారేశారు. మిగిలిన కొంత పల్నాడులో, రెంటచింతల దగ్గర ఒక రెండు గదుల ఇంట్లో, మంచం కింద ఉంది. మీతో మాట్లాడుతున్నది ఆ మిగిలిన కొంతే.

నా గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. నిండడం, ఖాళీ కావడం, మళ్ళీ నిండడం. నిండిన ప్రతిసారీ నాలో వెంట్రుకవాసి తరిగింది. ఎవరికీ కనపడనంత. నాకూ తెలియనంత. అలసట అనేది ఒక్కరోజులో రాదు, మీకు తెలియనిదేం కాదు. ఆ తరుగు ఎవరెవరి నెత్తిన ఎలా పడిందన్నదే చెప్పదగ్గ సంగతి.

నా లోపలి సెల్లులు సముద్రం అవతల పుట్టి ఓడలో వచ్చాయి. పడమటి తీరాన ఒక ఫ్యాక్టరీలో తెల్లటోపీల ఆడపిల్లలు వాటిని పన్నెండు అరలుగా పేర్చి బోల్టులు బిగించారు. చివర ఒక మిషను నన్ను పరీక్ష చేసి నూటికి నూరు అని చూపించింది. ఆ అంకె నా విషయంలో నిజమైంది ఆ ఒక్కరోజే.

నన్ను మోసిన కారును కొన్నది నరసరావుపేటలో పూర్ణచంద్రరావు గారు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఒక్కడే ఉండేవాడు. కారు వచ్చిన వారం రోజులూ పొద్దున వాకింగులో ఆయనకు వేరే మాట లేదు.

"ఒక్కసారి ఛార్జి పెడితే మూడొందల పన్నెండు కిలోమీటర్లండీ," అనేవాడు.

కంపెనీ కాగితం మీద అలాగే ఉంది. రోడ్డు మీద మాత్రం రెండు వందల ఇరవై ఇచ్చేదాన్ని. ఆ సంగతి ఆయనకు మొదటి వారంలోనే తెలిసింది. అయినా మూడొందల పన్నెండే చెప్పేవాడు. మనుషులు కొడుకుల జీతాలు కూడా ఇలాగే చెబుతారని తర్వాత చాలాసార్లు విన్నాను.

ఆయన నన్ను బాగా చూసుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కూరగాయలకు వెళ్ళొచ్చినా సరే, ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టి నూటికి నూరు నింపేవాడు. నిండిన కడుపుతో నన్ను రేకుల షెడ్డు కింద వదిలేసేవాడు. మే నెలలో ఆ రేకుల కింద పప్పు ఉడికేది. విజయవాడ వెళ్ళినప్పుడల్లా, సగం మిగిలి ఉన్నా భయపడి, హైవే మీద ఫాస్ట్ ఛార్జరు దగ్గర ఆపి గబగబా కుక్కించేవాడు. సెల్లుకు వేడి పడదని ముప్పై ఏళ్ళు బల్ల మీద సుద్దముక్కతో రాసిన మనిషే. పిల్లలకు చెప్పేది వేరు, మన ఇంట్లో జరిగేది వేరు కదా.

రెండో ఏడు గడిచేసరికి రెండు వందలకు పడ్డాను. మూడో ఏడు నూట ఎనభై. ఆయన శ్రీశైలం వెళ్ళడం మానేశాడు. తర్వాత విజయవాడ మానేశాడు. గుంటూరులో చెల్లెలి మనవడి బారసాలకు బస్సెక్కి వెళ్ళాడు. ఎవరైనా "కారేదండీ" అని అడిగితే, "డ్రైవింగు విసుగు పుడుతోందండీ" అనేవాడు. కారు తెర మీద ఛార్జి అంకె తగ్గుతుంటే ఆయన చేతులు స్టీరింగు మీద బిగుసుకునేవి. నేను తరిగినకొద్దీ ఆయన తిరిగే ప్రపంచం కూడా తరిగింది. చివరికి అది రైతుబజారు దాకా వచ్చి ఆగింది.

కంపెనీ వాళ్ళు ఐదేళ్ళ హామీ ఇచ్చారు. ఆ లోపల నా సత్తువ నూటికి డెబ్బై కంటే తగ్గితే ఊరికే కొత్త బ్యాటరీ వేస్తారు. గడువు ఇంకో ఇరవై రోజులుందనగా ఆయన నన్ను సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాడు. వాళ్ళు వైర్లు తగిలించి చూసి కాగితం ఇచ్చారు. డెబ్బై ఒకటి.

"ఒక్క శాతం ఎక్కువుంది సార్. బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టే," అన్నాడు అక్కడి మనిషి.

ఇంటికొచ్చాక ఆయన ఒక పని చేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు జాలేస్తుంది. ఆ ఇరవై రోజులూ మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసీ పెట్టుకుని, ఊరి చుట్టూ ఊరికే తిరిగాడు. నన్ను అరగదీసి ఆ ఒక్క శాతం రాల్చాలని. అరవై ఐదేళ్ళ మనిషి, వినుకొండ రోడ్డు మీద పోవడం, రావడం. ఐదేళ్ళుగా అడక్కుండానే తరుగుతూ వచ్చినదాన్ని, కావాలన్నప్పుడు తరగలేకపోయాను. ఆఖరిరోజు మళ్ళీ చూపించాడు. డెబ్బై ఒకటే.

ఆయన ఆ కాగితాన్ని మడిచి ఇంట్లోకి తీసుకెళ్ళాడు. మర్నాడు కారు అమ్ముతానని నలుగురికీ చెప్పాడు.

కొనడానికి వచ్చినామె పేరు మస్తానమ్మ. రెంటచింతల దగ్గర పల్లె. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. దూదేకుల వాళ్ళ అమ్మాయి. భర్త నాగూర్‌వలి పిడుగురాళ్ళలో సున్నం బట్టీలో పనిచేస్తాడు. ఆమె పదేళ్ళుగా ఆటో నడుపుతోంది. ఆ చుట్టుపక్కల డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ముగ్గురిని వారానికి మూడుసార్లు నరసరావుపేట ఆసుపత్రికి తిప్పుతోంది. పోను డెబ్బై కిలోమీటర్లు, రాను డెబ్బై. రక్తం కడిగించుకుని సోలిపోయిన మనుషులు ఆటో కుదుపులకు తిన్నది కక్కుకుంటుంటే చూడలేక కారు కొందామనుకుంది. పెట్రోలు కారు తిప్పే తాహతు లేదు. అందుకని నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

కారు చుట్టూ తిరిగి చూసింది. సీట్లు నొక్కి చూసింది. ఒక్కటే అడిగింది.

"బ్యాటరీ ఎట్టా ఉంది సార్?"

"బాగుందమ్మా. కొత్తదానికీ దీనికీ ఏమంత తేడా లేదు," అన్నాడు పూర్ణచంద్రరావు గారు.

పాఠం చెప్పే గొంతు అది, కుదురుగా, స్పష్టంగా. ఆమె ఇంకో మాట అడగలేదు. తిరుగుదారిలో భర్తతో ఫోనులో, "లెక్చరరంట, అబద్ధమెందుకు చెబుతాడు," అంది. నేను ఆమె కాళ్ళ కిందే ఉన్నాను. చెప్పడానికి నాకు నోరు లేదు. తెర ఉంది గానీ, ఆ తెర ఎప్పుడూ నిండగానే నూరు అనే చూపిస్తుంది. చిన్న గ్లాసు నిండినా నిండినట్టే కదా.

ఆ ముగ్గురిలో ఒకాయన పేరు యలమంద. నలభై ఏళ్ళు నాపరాళ్ళ గనిలో రాయి కొట్టిన మనిషి. మెడలో తువ్వాలు, చేతుల నిండా పాత గాట్లు. మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్నాయి. రోజు మార్చి రోజు మిషను మీద నాలుగు గంటలు పడుకోవాలి. నీళ్ళు, మజ్జిగ, టీ అన్నీ కలిపి రోజుకు లీటరు దాటకూడదని డాక్టరు చెప్పాడు. దాటితే ఆ నీళ్ళు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఎండాకాలంలో రెంటచింతల పేరు పేపర్లో రావడం మీరు చూసే ఉంటారు. ఆ ఎండలో, లీటరు నీళ్ళు. ఆయన భార్య కోటేశ్వరమ్మ పొద్దున్నే సీసాలో కొలిచి పెట్టేది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కారెక్కేవాడు.

మస్తానమ్మ ఆయన్ని బాబాయ్ అనేది. చుట్టరికం ఏమీ లేదు. పల్లెలో వరసలు అలాగే వస్తాయి.

మొదటి చలికాలం బాగానే గడిచింది. తెల్లవారుతుండగా నిండుగా బయల్దేరి, మధ్యాహ్నానికి ఇంటికి చేరేసరికి నాలో పదో పన్నెండో శాతం మిగిలేది. ఎండలు మొదలయ్యాక ఏసీ వేసింది. ఆరోజు ఇంటి ముందుకు వచ్చేసరికి తెర మీద రెండు అని ఉంది. ఆమె ఏసీ మీట ఆపి కారు దిగింది. మర్నాటి నుంచి ఏసీ లేదు.

అద్దాలు దించితే వడగాలి. ఎత్తితే ఉక్క. మిషను మీంచి లేచిన ముగ్గురు మనుషులు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ కారులో కూర్చుని వచ్చేవాళ్ళు. రెండో ఏడాది నేను ఇంకొంచెం తరిగాను. ఇక ఒక్క నింపుడుతో పోయి రావడం కుదరలేదు. పిడుగురాళ్ళలో నాగూర్‌వలి పనిచేసే బట్టీ దగ్గర ఆపి గంటసేపు ప్లగ్గు పెట్టుకునేది. బట్టీ పక్కన, సున్నం పొగలో, గంట. మిగతా ఇద్దరూ ఓపిక పట్టి చూశారు. తర్వాత ఒకరి వెనక ఒకరు డీజిల్ వ్యానులో చేరిపోయారు. వాళ్ళను తప్పుపట్టలేను.

యలమంద మారలేదు.

"నువ్వు కూడా వ్యాను ఎక్కు బాబాయ్. చల్లగా పోతావు," అంది మస్తానమ్మ ఒకరోజు.

"వ్యానోడు వాంతికి ఆపడమ్మాయ్. నువ్వు ఆపుతావు," అన్నాడాయన.

ఒక్క మనిషి కోసం నూట నలభై కిలోమీటర్లు తిరగడం ఆమెకు గిట్టుబాటు కాదు. ఇద్దరికీ తెలుసు. మిగతా రోజుల్లో సంతకు, పెళ్ళిళ్ళకు బాడుగ దొరికితే పోయేది. దూరం అంటే మాత్రం, "బండి రాదండీ" అని తనే చెప్పేది. అప్పుడు ఆమె గొంతులో వినపడింది నాకు బాగా తెలిసిన గొంతే. విజయవాడ మానుకున్నప్పుడు పూర్ణచంద్రరావు గారిది.

మూడో ఎండాకాలం. మే నెల మధ్యలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. స్తంభాలు కూలాయి. మర్నాడు డయాలసిస్ రోజు. కరెంటు లేదు, నాలో ఛార్జి లేదు. దారికడ్డంగా చెట్లు పడి వ్యాను కూడా వెళ్ళలేదు. యలమందకు ఒకరోజు తప్పిపోయింది. ఆ మర్నాడు ఆరింటికి కరెంటొచ్చింది. పదింటిదాకా ఆగితే అరవై ఐదు దాకా నిండాను. ఇక ఆగడానికి వీల్లేక మస్తానమ్మ బయల్దేరదీసింది.

యలమంద కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముఖం కూడా. కరెంటు లేని ఆ రెండు రాత్రులూ, పగలూ ఉక్కపోతకు తాళలేక, కోటేశ్వరమ్మ చూడకుండా కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడట. దారిలో ఆయనే చెప్పాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"ఎన్ని తాగావు బాబాయ్?"

"లెక్కపెట్టలేదమ్మాయ్. దాహం."

గురజాల దాటేసరికి ఆయనకు ఊపిరి ఆడటం కష్టమైంది. ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి గాలి లాక్కుంటున్నాడు. కారు లోపల పొయ్యిలా ఉంది. మస్తానమ్మ తెర వైపు చూసింది. దారి వైపు చూసింది. అంబులెన్సుకు ఫోను చేస్తే, వేరే కేసులో ఉంది, గంట పడుతుందన్నారు.

"ఏసీ వేస్తా బాబాయ్."

"వద్దు... బండి ఆగిద్ది."

"ఆగితే ఆగిద్ది. నువ్వు ఊపిరి తీసుకో."

ఏసీ మీట నొక్కింది. నాకు చేతనైనంత ఇచ్చాను. ఇంతకంటే ఏమీ చెప్పలేను. పిడుగురాళ్ళ దాటాం. బట్టీ యజమాని కిందటిసారి ఆగినప్పుడే ఇక ప్లగ్గు వద్దన్నాడు, అక్కడ ఆగే పని లేదు. ఇరవై రెండు, పంతొమ్మిది, పదహారు అని తెర మీద దిగుతోంది. పద్నాలుగు దగ్గర ఒక చిన్న ఎత్తు వచ్చింది. నాలో మూడు అరలు ఎప్పటినుంచో బలహీనంగా ఉన్నాయి. ఆ ఎత్తు మీద అవి మూడూ ఒక్కసారిగా చేతులెత్తేశాయి. పద్నాలుగు తర్వాత పదమూడు రాలేదు. సున్నా వచ్చింది. కారు నిలబడిపోయింది. నరసరావుపేట ఇంకా తొమ్మిది కిలోమీటర్లు.

మస్తానమ్మ కారు దిగి రోడ్డు మధ్యలో నిలబడింది. పక్కన కాదు, మధ్యలో. రెండు చేతులూ చాచి. మొదట ఒక కారు పక్కనుంచి తప్పించుకుని పోయింది. రెండోది సున్నం లారీ. తప్పించుకోడానికి దానికి చోటు చాల్లేదు. డ్రైవరు తిట్టబోయి, కారులో మనిషిని చూసి దిగొచ్చాడు. ఇద్దరూ కలిసి యలమందను మోసి క్యాబినులోకి ఎక్కించారు. ఆయన తువ్వాలు రోడ్డు మీద పడితే మస్తానమ్మ తీసి భుజాన వేసుకుని లారీ ఎక్కింది. కారు తాళం కూడా వేయలేదు.

నేను ఆ ఎండలో ఒక్కదాన్నే ఉండిపోయాను. మూడు గంటలు. ఆయన బతికాడో లేదో తెలియకుండా.

తర్వాత ఒక ట్రాక్టరు వచ్చింది. మస్తానమ్మ ఇంజను పక్కన మడ్గార్డు మీద కూర్చుని ఉంది. తాడు కట్టి నన్ను లాక్కుంటూ ఊళ్ళోకి తీసుకెళ్ళింది. ట్రాక్టరు ఆగిన గేటు నాకు తెలిసిన గేటే. ఆ ఊళ్ళో నాకు సరిపడే ప్లగ్గు ఉన్న ఇల్లు ఆమెకు తెలిసింది అదొక్కటే.

పూర్ణచంద్రరావు గారు బయటికొచ్చాడు. కారును చూశాడు, తాడును చూశాడు.

"ఏమైందమ్మా?"

"దారిలో ఆగింది సార్. ఛార్జింగు పెట్టుకుంటాను, ఒక మూడు గంటలు. బాబాయ్ ఆసుపత్రిలో ఉన్నాడు. సాయంత్రం తీసుకుపోవాలి."

ఆయన తనే ప్లగ్గు తెచ్చి పెట్టాడు. అదే రేకుల షెడ్డు. ఆమె అరుగు మీద కూర్చుంది. చెప్పులకు, చీర కుచ్చిళ్ళకు సున్నం. ఆయన మంచినీళ్ళు తెచ్చిస్తే చెంబు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

"ఆయనకు ఎట్లా ఉంది?" అని అడిగాడు.

"ఆక్సిజను పెట్టి మిషను మీద వేశారు. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమన్నారు." చెంబు కింద పెట్టి అడిగింది. "మీకు తెలుసా సార్? అమ్మేటప్పుడు?"

ఆయన లోపలికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాకపోయేసరికి ఇక రాడేమో అనుకున్నాను. వచ్చాడు. చేతిలో మడత పెట్టిన కాగితం. ఆమెకు ఇచ్చాడు.

"డెబ్బై ఒకటి అనుంది," అంది ఆమె చదివి.

"అప్పటికి అంత. ఇప్పుడు ఇంకా తక్కువ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కొనవని."

ఆమె కాగితాన్ని మళ్ళీ మడతల మీద మడిచింది. అరవలేదు. అరిస్తే ఆయనకు కొంచెం తేలికగా ఉండేదనుకుంటాను.

"చెప్పినా కొనేదాన్ని సార్. ఇంతకంటే మంచి బండి నాకెక్కడొచ్చిద్ది? కాకపోతే మొదటిరోజు నుంచే దాని శక్తి తెలుసుకుని నడిపేదాన్ని. దారిలో ఎక్కడ ప్లగ్గు ఉందో ముందే చూసుకునేదాన్ని. బండి నడపడం నాకే చేతగావట్లేదేమో అనుకున్నా ఇన్నాళ్ళూ. రెండు ఎండాకాలాలు ఆ మనిషిని మాడ్చుకుంటూ తిప్పా."

పూర్ణచంద్రరావు గారు షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఏ విద్యార్థీ ఆయన్ని అలా నిలబెట్టి ఉండడు.

"ఇక నుంచి ఇక్కడే పెట్టుకో," అన్నాడు చివరికి. "ఆయన మిషను మీద ఉన్న నాలుగు గంటలూ. నేను ఇంట్లో లేకపోయినా గేటు తీసే ఉంటుంది."

ఆమె చెంబులో నీళ్ళు తాగి ఆసుపత్రికి నడిచి వెళ్ళింది.

మూడోనాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత వారానికి మూడుసార్లు. నాలుగు గంటల నింపుడుతో తిరుగుదారి అంతా ఏసీ వేసుకుని వెళ్ళేవాళ్ళు. అంత చిన్న పని. ఒక గోడ, ఒక ప్లగ్గు, ఒక నిజం. రెండేళ్ళ ముందే జరగాల్సింది.

డయాలసిస్ అయ్యాక యలమందను తీసుకొచ్చి, నేను నిండేదాకా ఆ వరండాలో మడతమంచం మీద పడుకోబెట్టేది. మొదట్లో పూర్ణచంద్రరావు గారు ఆయన ఎదుటికి రాలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి లోపలికి పోయేవాడు. ఒకరోజు యలమందే పిలిచాడు.

"సార్, ఈ నేల మీద పరిచిన రాయి మా దగ్గరిదే. మొదట పరిచినప్పుడు నీలంగా ఉండుండాలే."

"అవును. మా ఆవిడ ఏరింది."

"మంచి పొర. ఆవిడకు రాయి తెలుసు."

పూర్ణచంద్రరావు గారు ఆరోజు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. తర్వాత అలవాటైపోయింది. రాయి ఎక్కడ కొడితే పొర లేస్తుందో యలమంద చెప్పేవాడు, ఆయన వినేవాడు. కొన్నాళ్ళకు ఆయన ఉండబట్టలేక అడిగేశాడు.

"నా మీద కోపం రాలేదా యలమందా?"

"నా కిడ్నీలు మాత్రం ముందు చెప్పాయా సార్? పోయేదాకా అంతా బాగుందనే అన్నాయి," అని నవ్వాడు యలమంద. నవ్వితే ఆయాసం వచ్చింది. ఆయాసం తగ్గాక నెమ్మదిగా అన్నాడు. "వచ్చింది సార్. లారీలో ఉన్నప్పుడు వచ్చింది. మస్తానమ్మ ముఖం చూసినప్పుడు ఇంకా వచ్చింది. ఇప్పుడు ఓపిక లేదు."

పూర్ణచంద్రరావు గారు తల వంచుకున్నాడు. క్షమించానని ఎవరూ అనలేదు. టీ చల్లారిపోతే మళ్ళీ వేడిచేసి తెచ్చాడు.

అలా ఒక ఏడాది లాక్కొచ్చాను. ఆ తర్వాత ఒక వైపు దారికి కూడా చాలలేదు. కొత్త బ్యాటరీ ధర అడిగితే, మస్తానమ్మ ఈ కారు కొన్న దానికంటే ఎక్కువ చెప్పారు. ఇంకో పాత కారు చూసుకోవడమే మంచిదని తేలింది. చూడటానికి వెళ్ళేరోజు పూర్ణచంద్రరావు గారు తయారై గేటు దగ్గర నిలబడ్డాడు.

"నేనూ వస్తాను," అన్నాడు.

ఆ రోజు సంగతి తర్వాత నా మీద కూర్చునే చెప్పుకున్నారు. అమ్మే మనిషి బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందన్నాడట. పూర్ణచంద్రరావు గారు, "ఆ మాట నేనూ చెప్పినవాణ్ణే నాయనా, బండి ఇలా ఇవ్వు," అన్నాడట. నిండుగా ఛార్జి పెట్టించి, ఎండలో, ఏసీ వేసి, సున్నాకు దగ్గరయ్యేదాకా మస్తానమ్మ చేత నడిపించాడట. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాటేదాకా, పక్క సీట్లో, ప్రతి మలుపులో అంకె చూస్తూ. మొదటి కారును కాదన్నాడు. ఇంకో రోజు చూసిన రెండోదీ కాదన్నాడు. మూడోది నూట తొంభై ఇచ్చింది. "ఇది నిజం చెబుతోంది, తీసుకో," అన్నాడట.

నన్ను బెనర్జీ అనే కుర్రమెకానికు దగ్గరికి తోలారు. కుర్రాడంటే ముప్పై దాటినవాడే, వయసు కనపడదు. రెంటచింతలలో ఇన్వర్టర్లు బాగుచేస్తాడు. నన్ను విప్పి పన్నెండు అరలనూ బయట వరసగా పెట్టి ఒక్కొక్కదాన్నే పరీక్ష చేశాడు. మూడు పూర్తిగా చచ్చాయన్నాడు. అవి తూకానికి పోయాయి. ఇన్నేళ్ళు పక్కపక్కన ఉన్నవాళ్ళం. పోయేటప్పుడు చప్పుడేమీ లేదు. కాటా మీద గొలుసు మోగిందంతే. మిగిలినవాటిలో మంచివి నాలుగు ఏరి ఒక పెట్టెలో కూర్చి, వైర్లు కలిపి, యలమంద ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాడు. కరెంటు పోయినప్పుడు ఒక ఫ్యానుకు, ఒక లైటుకు. అది పూర్ణచంద్రరావు గారి ఆలోచన. పెట్టిన రోజు ఆయన కూడా బస్సులో వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడితే కోటేశ్వరమ్మ లోపలికి రమ్మంది. ఆ ఒక్క మాటే. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

"ఇది ఎన్నాళ్ళు పనిచేసిద్ది బెనర్జీ?" అని యలమంద అడిగాడు.

"బరువు పని పెట్టకపోతే నాలుగేళ్ళు బాబాయ్. ఐదు కూడా రావచ్చు."

"అయితే నాకంటే గట్టిదే."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వడానికి అనలేదు.

ఇప్పుడు నా పని తేలిక. కొండలెక్కడం లేదు, పరుగు లేదు. నన్ను ఎవరూ శాతాల్లో అడగడం లేదు. కరెంటు ఉన్నంతసేపూ కాస్త కాస్త నిండుతాను. పోయినప్పుడు ఫ్యాను తిప్పుతాను. పైన యలమంద పడుకుంటాడు. ఆయన నడుము రోజురోజుకూ తేలికవుతోందని మంచం పట్టీల చప్పుడు బట్టి తెలుస్తోంది. మధ్యాహ్నాలు ఆయన ఫ్యాను వంక చూస్తూ పడుకుంటాడు. దాహం సంగతి ఎత్తడు.

మొన్న పొద్దున మస్తానమ్మ వచ్చి హారను కొట్టింది. డయాలసిస్ రోజు. కోటేశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది. సీసా ఒళ్ళో పెట్టింది. కారు మలుపు తిరిగేదాకా నిలబడి ఉంటుంది ఎప్పుడూ. ఆ హడావుడిలో ఫ్యాను ఆపడం మరిచిపోయింది. ఇంతలో కరెంటు పోయింది. నేను అందుకున్నాను. ఒట్టి మంచం మీద గాలి తిరుగుతూ ఉంది.

కోటేశ్వరమ్మ లోపలికొచ్చి చూసింది. "మనిషి లేని మంచానికి గాలెందుకు," అనుకుంటూ మీట ఆపింది. వంటింటి వైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆరేళ్ళుగా ఆమె ఆ మంచం మీద కూర్చున్నది ఆయనకు మందులివ్వడానికే. చెయ్యి చాచి మళ్ళీ మీట వేసింది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. నడుము వాల్చింది.

అంట్లు తోమాల్సినవి అలాగే ఉన్నాయి. పొయ్యి మీద పప్పు లేదు. ఆమె నిద్రపోయింది.

నాలో ఎంత మిగిలిందో నాకు తెలియదు. ఆమె లేచేదాకా సరిపోతే చాలనుకున్నాను.